కారులో పాటకు వాట్ల లెక్క

(మహిళల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



ఈవేళ మనం కారులో పాటల కోసం పెట్టించే సరంజామా గురించి, అందులోనూ ముఖ్యంగా ఆంప్లిఫైయరుకీ స్పీకర్లకీ కుదరవలసిన జోడీ గురించి చెప్పుకుందాం. ‘ఇది మగపిల్లలు చూసుకునే వ్యవహారం కదా, మనకెందుకమ్మా?’ అని మీలో కొందరు అనుకోవచ్చు. నిజానికి మనకే కావాలి. ఆ డబ్బు వెళ్ళేది ఇంటి ఖర్చులోంచే. ఆ మోతలో వెనక సీట్లో కూర్చునేది మనమూ, మన ఒళ్ళో పిల్లలూను. అదీగాక, పదిమందికి వండే ఇల్లాలికి ఏ గిన్నెకి ఎంత మంట కావాలో ఒకరు చెప్పనక్కరలేదు. ఈ విద్య కూడా దాదాపు అలాంటిదే.

మన కోనసీమలో ఎక్కడికి వెళ్ళాలన్నా రోడ్డే కదండీ. అమలాపురం నుంచి కొత్తపేట, రావులపాలెం మీదుగా రాజమండ్రికో, ఎదుర్లంక దగ్గర వంతెన దాటి యానాం మీదుగా కాకినాడకో, రాజోలు వైపు వాళ్ళయితే దిండి దగ్గర చించినాడ వంతెన దాటి పాలకొల్లుకో, ఒకటి రెండు గంటలు కారులో కూర్చోక తప్పదు. దారిలో ఒక మంచి పాట ఉంటే ప్రయాణం తెలియదు. అందుకని పండగ ముందు అబ్బాయి అడుగుతాడు, నాన్నగారు సరేనంటారు, మనల్ని కూడా దుకాణానికి తీసుకెళతారు. అక్కడ దుకాణం కుర్రాడు, ‘‘ఇది వెయ్యి వాట్లండి, ఆయ్! ఊరంతా వినపడుద్దండి’’ అంటాడు. అబ్బాయి కళ్ళు మెరుస్తాయి. అప్పుడు మనం ఒక్క ప్రశ్న అడగాలి: ‘‘వెయ్యి వాట్లంటే, ఎలా కొలిచిన వాట్లు బాబూ?’’

ఆ ప్రశ్న ఎందుకు అడగాలో తెలియాలంటే ముందు ఏ వస్తువు ఏ పని చేస్తుందో చూద్దాం. డ్రైవరు చేతికి అందేలా ముందుండేది స్టీరియో. పాటను ఎంచుకునేదీ, శబ్దాన్ని పెంచి తగ్గించేదీ అక్కడే. పాట తాలూకు కరెంటు మొదట్లో చాలా నీరసంగా ఉంటుంది. దానికి బలం పోసి పంపేది ఆంప్లిఫైయరు. స్టీరియో లోపలే ఒక చిన్న ఆంప్లిఫైయరు ఉంటుంది. అది చాలదనుకున్నవాళ్ళు సీటు కిందో, డిక్కీలోనో వేరే ఆంప్లిఫైయరు బిగిస్తారు. చివరిది స్పీకరు. స్పీకరు వెనక ఒక అయస్కాంతం ఉంటుంది. దాని నడుమ సన్నటి రాగితీగ చుట్ట, ఆ చుట్టకి అతికించిన గరాటు లాంటి రేకో, కాగితమో ఉంటాయి. కరెంటు అటూ ఇటూ పారినప్పుడు చుట్ట ముందుకీ వెనక్కీ ఊగుతుంది. గరాటు ఊగి గాలిని కదుపుతుంది. అదే మన చెవికి పాట.

ఇక్కడొక సంగతి గుర్తుపెట్టుకోండి. స్పీకరుకి పంపిన శక్తిలో శబ్దంగా మారేది నూటికి ఒక వంతు మాత్రమే, చాలాసార్లు అంతకంటే తక్కువే. మిగిలినదంతా వేడే. ఆ వేడినంతా ఆ చిన్న రాగి చుట్టే భరించాలి. ‘స్పీకరు కాలిపోయింది’ అంటారు చూశారా, ఆ చుట్ట మీది పూత మాడిపోయి తీగ పోవడమే అది.

ఇప్పుడు వాట్ల దగ్గరికి వద్దాం. మన మిక్సీ మీద ‘750 వాట్లు’ అని ఉంటుంది. దాని చీటీలోనే, ‘5 నిమిషాలు నడిపి 2 నిమిషాలు ఆపండి’ అని కూడా ఉంటుంది చాలా వాటికి. అంటే బలం ఒక్కటే తెలిస్తే చాలదు, ఆ బలాన్ని ఎంతసేపు భరిస్తుందన్నదీ తెలియాలి. కారు స్పీకర్ల మీద, ఆంప్లిఫైయర్ల మీద కూడా రెండు రకాల అంకెలు ఉంటాయి. అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉండేది ‘మాక్స్’ అనో ‘పీక్’ అనో అంటారు. అది రెప్పపాటు కాలం భరించే అంకె. చిన్న అక్షరాలతో లోపలి కాగితంలో ఉండేది ‘ఆర్.ఎం.ఎస్.’ వాట్లు. గంటల తరబడి పాట వింటున్నా భరించే అంకె అది. మనకి కావలసింది ఈ రెండోదే. మొదటి అంకెను చూసి కొనడమంటే, పెళ్ళినాటి ఫోటో చూసి ఇవాళ్టి మనిషిని పోల్చుకోవడం లాంటిదే!

అసలు ఈ పెద్ద అంకె ఎక్కడ నుంచి వస్తుంది? చాలా స్టీరియోల మీద ‘50 వాట్లు, నాలుగు దారులు’ అని రాసి ఉంటుంది. ఇంజను నడుస్తున్నప్పుడు కారులో ఉండే కరెంటు ఒత్తిడి సుమారు 14 వోల్టులు. కారు స్పీకరు సాధారణంగా 4 ఓములది. 14.4ని 14.4తో హెచ్చవేసి 4తో భాగిస్తే దాదాపు 52 వస్తుంది. అదే ఆ ‘50 వాట్లు’. కాని అది శబ్దం ఎగుడుదిగుడు లేకుండా ఒక్క పెట్టున బాదినప్పటి లెక్క. పాట అలా ఉండదు కదా. అల మాదిరి లేచి పడే శుభ్రమైన స్వరానికి ఆ లెక్కలో సగమే, అంటే 26 వస్తుంది. లోపల పోయే నష్టాలు తీసేస్తే చేతికి వచ్చేది ఒక్కొక్క దారికి 15 నుంచి 20 వాట్లే. ఇందులో మోసమని గొడవపడనక్కరలేదు. ఏ అంకె దేనికో మనకి తెలిస్తే చాలు. ఈ గందరగోళం పోవాలనే అమెరికాలో 2003లో ఒక ప్రమాణం పెట్టారు. 14.4 వోల్టుల దగ్గర, 4 ఓముల స్పీకరుతో, నూటికి ఒక వంతు మించి శబ్దం చెడకుండా ఎన్ని వాట్లు ఇస్తుందో కొలిచి చెప్పాలన్నది దాని సారాంశం. కాగితం మీద ‘సీఈఏ 2006’ అనో, తరవాత మార్చిన పేరుతో ‘సీటీఏ 2006’ అనో ఉంటే ఆ అంకెను కొంచెం నమ్మకంగా తీసుకోవచ్చును.

ఫ్యూజు చెప్పే నిజం

కాగితం లేకపోతే? అప్పుడు కూడా దారి ఉంది. ఆంప్లిఫైయరు పక్కన రంగురంగుల చిన్న ఫ్యూజు బిళ్ళలు ఉంటాయి. వాటి మీద 20, 25, 30 అని ఆంపియర్లు రాసి ఉంటాయి. నెల జీతానికి మించి ఇంట్లో ఎలా ఖర్చుపెట్టలేమో, ఫ్యూజు ఒప్పుకున్న దానికి మించి ఆంప్లిఫైయరు కూడా ఎక్కువసేపు ఇవ్వలేదు. ఫ్యూజు మీది అంకెను 14తో హెచ్చవేయండి. 30 ఆంపియర్లయితే 420 వాట్లు. అదీ లోపలికి పోయేది. పాత తరహా ఆంప్లిఫైయర్లలో అందులో సుమారు సగం వేడిగా పోతుంది. కొత్తగా వచ్చే ‘క్లాస్ డి’ రకాల్లో అయిదో వంతు దాకా పోతుంది. అంటే బయటికి వచ్చేది అన్ని దారులూ కలిపి 200 నుంచి 340 లోపు. మరి ఆ పెట్టె మీద వెయ్యి వాట్లు ఎలా వచ్చాయి? అడిగి చూడండి, దుకాణం కుర్రాడు నవ్వేస్తాడు.

ఒకవేళ నిజంగానే వెయ్యి వాట్లు ఇచ్చేదే తెచ్చారనుకుందాం. అప్పుడు దానికి దగ్గర దగ్గర 90 ఆంపియర్లు కావాలి. చిన్న కార్లలో మెకానిక్కులు డైనమో అనే ఆల్టర్నేటరు ఇచ్చేది సాధారణంగా 60 నుంచి 90 ఆంపియర్లు. దానిలోంచే లైట్లు, ఏసీ, ఇంజను అన్నీ నడవాలి. పాటకే అంతా పోస్తే హెడ్‌లైట్లు తాళానికి తగ్గట్టు మినుకుమినుకుమంటాయి, బ్యాటరీ త్వరగా చచ్చిపోతుంది. రాత్రిపూట కాలవగట్టు రోడ్డు మీద అటువంటి ముచ్చట మనకి అక్కరలేదు.

ఓముల జోడీ

రెండో లెక్క ఓములది. కరెంటు దారిలో ఉండే అడ్డుని ఓములలో కొలుస్తారు. జార్జ్ ఓమ్ అనే జర్మనీ శాస్త్రజ్ఞుడు 1827లో ప్రకటించిన సూత్రం వల్ల ఆయన పేరే దానికి వచ్చింది. అడ్డు తక్కువైతే కరెంటు ఎక్కువ పారుతుంది. డాబా మీది ట్యాంకుకి ఒక కుళాయి ఉంటే నీళ్ళు ఒక ధారగా వస్తాయి. పక్కనే రెండో కుళాయి తిప్పితే ట్యాంకు రెండింతలు వేగంగా ఖాళీ అవుతుంది. అలాగే 4 ఓముల స్పీకర్లు రెండింటిని ఒకే దారికి పక్కపక్కనే కలిపితే ఆంప్లిఫైయరుకి అవి 2 ఓములుగా కనిపిస్తాయి. అది రెండింతలు కరెంటు ఇవ్వవలసి వస్తుంది. ఒకదాని వెనక ఒకటి కలిపితే 8 ఓములవుతాయి, రెండు పొరల గుడ్డలో వడపోసినట్టు కరెంటు నెమ్మదిగా వస్తుంది.

ఆంప్లిఫైయరు కాగితంలో ‘కనీసం 4 ఓములు’ అని ఉంటే 2 ఓముల భారం పెట్టకూడదు. పెడితే ఒళ్ళు కాలిపోతుంది, ‘ప్రొటెక్ట్’ అనే ఎర్రదీపం వెలిగి పాట ఆగిపోతుంది. మంచిదైతే ఆగుతుంది, చవకరకమైతే మాడుతుంది. ‘ముందున్న స్పీకర్లకే ఇంకో రెండు తగిలిద్దాం, ఖర్చు కలిసొస్తుంది’ అన్నప్పుడు ఈ మాట గుర్తుచేయాలి. ఇంట్లో పాత టేప్‌రికార్డరు స్పీకర్లు 8 ఓములవి కారులో పెడితే ప్రమాదమేమీ లేదు గాని, ఆంప్లిఫైయరు బలంలో సుమారు సగమే వాటికి అందుతుంది.

ఎవరికి ఎవరు తగిన జోడీ?

ఇప్పుడు అసలు మాట. స్పీకరు మీది ఆర్.ఎం.ఎస్. వాట్లు ఎన్నో, అదే ఓముల దగ్గర ఆంప్లిఫైయరు ఒక్కొక్క దారికి ఇచ్చే ఆర్.ఎం.ఎస్. వాట్లు దాదాపు అన్నే ఉండాలి. ముప్పాతిక వంతు నుంచి ఒకటిన్నర రెట్ల దాకా పరవాలేదు. తలుపు స్పీకరు 50 వాట్లదైతే, 40 నుంచి 75 లోపు ఇచ్చే ఆంప్లిఫైయరు సరిపోతుంది.

మరీ పెద్దది పెడితే ఏమవుతుందో అందరికీ తెలుసు. చుట్ట వేడెక్కి మాడుతుంది, లేదా గరాటు హద్దు దాటి ఊగి చిరుగుతుంది. విచిత్రమేమిటంటే, మరీ చిన్నది పెట్టినా స్పీకరు పోవచ్చు. అదెలాగో చెబుతాను. కనుమ నాడు మొసలపల్లి దగ్గర జగ్గన్నతోటకి ఏకాదశ రుద్రుల ప్రభలు వస్తాయి కదా. ఆ ప్రభల అందమంతా వంపు తిరిగిన పైభాగంలో ఉంది. అంత పెద్ద ప్రభని ఒక పొట్టి ద్వారంలోంచి బలవంతాన తోస్తే ఏమవుతుంది? పై వంపు తెగిపోయి బల్లపరుపుగా మిగులుతుంది. చిన్న ఆంప్లిఫైయరుని దాని శక్తికి మించి పెంచినప్పుడు పాటకి జరిగేదీ అదే. స్వరం పై అంచులు తెగిపోతాయి. గొంతు బొంగురుపోయి, చీలినట్టు వినిపిస్తుంది. అప్పుడు 20 వాట్ల ఆంప్లిఫైయరు కూడా 40 వాట్ల దాకా వేడిని స్పీకరులోకి నెట్టగలదు. తెగిన అంచుల వల్ల చురుకు శబ్దాలు పెరుగుతాయి కాబట్టి ముందు పోయేది చిన్న ట్వీటరు. అంతేగాని, చిన్న ఆంప్లిఫైయరుతో తగ్గించి వింటే స్పీకరుకి ఏ హానీ లేదు. చెరుపు చేసేది తక్కువ వాట్లు కాదు, తక్కువ వాట్లతో ఎక్కువ మోత కావాలనుకోవడం.

అందుకే చీలిక వినడం నేర్చుకోవాలి. దీనికి డప్పుల పాట పనికిరాదు. ఘంటసాల గారిదో, సుశీల గారిదో వాద్యాలు తక్కువగా ఉన్న పాట పెట్టండి. శబ్దం నెమ్మదిగా పెంచుతూ పోండి. ఏ దగ్గర ఆ గొంతులో నునుపు పోయి గరగర మొదలయిందో, మీ సరంజామాకి అదే హద్దు. ఇందులో మన చెవి ఎవరి చెవికీ తీసిపోదు. పోపు మాడకముందే వాసన పట్టేవాళ్ళం కాదూ!

ఆంప్లిఫైయరు మీద ‘గెయిన్’ అని ఒక చిన్న మర ఉంటుంది. అది శబ్దం పెంచే మర అనుకుని చాలామంది చివరిదాకా తిప్పేస్తారు. అది స్టీరియో నుంచి వచ్చే కరెంటుకీ ఆంప్లిఫైయరుకీ పొత్తు కుదిర్చే మర. బిగించిన రోజు దగ్గరుండి ఇలా చేయించండి. బేసూ, ట్రెబులూ పెంచకుండా మధ్యలో ఉంచాలి. గెయిన్ పూర్తిగా తగ్గించాలి. స్టీరియో శబ్దం ముప్పాతిక దాకా పెంచాలి. అప్పుడు గెయిన్ కొంచెం కొంచెం తిప్పుతూ, గొంతు చీలడం మొదలయిన చోట ఆపి, కాస్త వెనక్కి తిప్పి వదిలేయాలి. డిక్కీలో బేసు కోసం వేరే పెద్ద స్పీకరు పెట్టిస్తే, సుమారు 80 హెర్ట్జుల కిందనున్న బరువైన శబ్దాలు దానికీ, పైవి తలుపు స్పీకర్లకీ వెళ్ళేలా విడదీయమనండి. చిన్న స్పీకర్ల మీద బరువు తగ్గి ఎక్కువకాలం మన్నుతాయి.

డబ్బు కలిసొచ్చే మాట ఒకటి చెబుతాను. వాట్లు రెండింతలు చేస్తే మోత రెండింతలు అవదు. పెరిగేది 3 డెసిబెళ్ళే, చెవికి ‘కాస్త పెరిగింది’ అనిపిస్తుంది, అంతే. మోత రెండింతలయినట్టు తోచాలంటే వాట్లు సుమారు పదింతలు కావాలి. అయితే స్పీకరు కాగితంలో ‘సెన్సిటివిటీ’ అని ఇంకో అంకె ఉంటుంది. ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో ఎన్ని డెసిబెళ్ళు వినిపిస్తుందో అది చెబుతుంది. 87 ఉన్న స్పీకరు బదులు 90 ఉన్నది కొంటే, సగం వాట్లతోనే అంత శబ్దం వస్తుంది. ఆంప్లిఫైయరు మీద రెట్టింపు డబ్బు పోసే బదులు ఈ అంకె చూసి స్పీకరు కొనడం మేలు కాదా?

తీగల విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. బ్యాటరీ నుంచి ఆంప్లిఫైయరుకి వచ్చే తీగ లావుగా, అసలు రాగిది ఉండాలి. అల్యూమినియం మీద రాగిపూత పూసినవి చవగ్గా దొరుకుతాయి, అవి అంత కరెంటు మొయ్యలేవు. ముఖ్యంగా, బ్యాటరీకి జానెడు రెండు జానల లోపే ఆ తీగకి ఒక ఫ్యూజు ఉండి తీరాలి. రేకు అంచుకి రాసుకుని తీగ తొడుగు తెగితే, కారు అంటుకోకుండా ఆపేది ఆ ఫ్యూజే. మాటిమాటికీ పోతోందని పెద్ద ఫ్యూజు వేయనివ్వకండి, కారణం వెతికించండి. మనది గోదావరి పాయల మధ్య, సముద్రం పక్కన ఉన్న చెమ్మ నేల. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలి కూడాను. తీగల కొనలు పచ్చగా చిలుము పట్టకుండా ఏడాదికొకసారి విప్పి తుడిపించాలి. తలుపుల్లో పెట్టేవి కాగితపువి కాకుండా ప్లాస్టిక్ గరాటువైతే వానలకి తట్టుకుంటాయి.

చివరగా చెవుల మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్ళు 80 డెసిబెళ్ళ శబ్దాన్ని వారానికి 40 గంటల దాకా వినవచ్చు. పిల్లలకైతే 75 దగ్గరే ఆ 40 గంటలు. ఆపైన ప్రతి 3 డెసిబెళ్ళకీ వినదగిన కాలం సగమవుతుంది. అలా లెక్క కడుతూ వెళితే, 90 డెసిబెళ్ళ దగ్గర పిల్లలకి వారం మొత్తానికి మిగిలేది గంటంబావు. అమలాపురం నుంచి రాజమండ్రికి ఒక్కసారి ఆ మోతలో వెళ్ళేసరికే పిల్లవాడి చెవుల వారం కోటా అయిపోతుందన్నమాట. దెబ్బతిన్న వినికిడి నరాల కణాలు తిరిగి పుట్టవు. స్పీకరు కాలితే కొత్తది కొనుక్కోవచ్చు, చెవి అంగట్లో దొరకదు. వెనక సీట్లో కూర్చుని మామూలు గొంతుతో మాట్లాడుకోగలిగితే, వెనకనుంచి వచ్చే లారీ హారను వినిపిస్తే, ఆ శబ్దం సరైనదని గుర్తు. ఇరుగుపొరుగు సంగతి కూడా ఉంది. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాల ప్రకారం ఇళ్ళుండే చోట శబ్దం పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళు దాటకూడదు. రాత్రంటే 10 గంటల నుంచి ఉదయం 6 దాకా. ఆస్పత్రులు, బడులు, కోర్టులకి నూరు మీటర్ల మేర నిశ్శబ్దం పాటించాలి.

కాబట్టి ఈసారి దుకాణానికి వెళ్ళినప్పుడు నాలుగు ప్రశ్నలు చాలు. ఆర్.ఎం.ఎస్. వాట్లు ఎన్ని? ఎన్ని ఓముల దగ్గర? స్పీకరు సెన్సిటివిటీ ఎంత? ఆంప్లిఫైయరు ఫ్యూజు ఎన్ని ఆంపియర్లది? ఈ నాలుగింటికీ జవాబు చెప్పగలిగిన చోట కొనండి. 50 వాట్ల మంచి స్పీకర్లు నాలుగు, వాటికి తగిన 50 వాట్ల నాలుగు దారుల ఆంప్లిఫైయరు, 25 నుంచి 30 ఆంపియర్ల ఫ్యూజు, అసలు రాగి తీగలు ఉంటే ఏ సంసారానికైనా సరిపోయే సంగీతం వస్తుంది. ఊరంతా వినపడనక్కరలేదు. కారులో ఉన్న అయిదుగురికీ, పాడినవారి గొంతు పాడినట్టుగా వినిపిస్తే చాలును.